పులివెందుల చీనీ: పైన పాత పండు, కింద కొత్త వేరు

కడప జిల్లా పడమటి అంచున పులివెందుల, లింగాల, సింహాద్రిపురం, తొండూరు, వేముల, వేంపల్లె మండలాల్లో విస్తారంగా పండే బత్తాయిని అక్కడివాళ్లు చీనీ అంటారు. వృక్షశాస్త్రంలో దీని పేరు సిట్రస్ సైనెన్సిస్. తోటలెన్ని ఉన్నా రకం దాదాపు ఒక్కటే, సాత్‌గుడి. పక్కనున్న అనంతపురం జిల్లాలోనూ, తెలంగాణలోని నల్లగొండ వైపునా రైతులు నమ్ముకున్నది దీన్నే. కాయ గుండ్రంగా, నున్నగా ఉంటుంది. తొక్క పలచన. బరువు 150 నుంచి 200 గ్రాములు. పులుపు తక్కువ, గింజలు ఎక్కువ.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వీటికి దూరమేమీ కాకపోయినా ఆ వైపు చీనీ తోటలు పలచన. కారణం నేల. జమ్మలమడుగు, మైలవరం, పెద్దముడియం చుట్టూ ఉన్నది నల్లరేగడి. అక్కడ శనగ పండుతుంది. ప్రొద్దుటూరు వైపు కె.సి. కెనాల్ కింద వరి వేస్తారు. వాన పడితే నీళ్లు పట్టి ఉంచే ఆ నేలలో చీనీ వేరు ఊపిరాడక కుళ్లుతుంది. పులివెందుల వైపు ఎర్రనేల, గరుసు, అడుగున వేంపల్లె సున్నపురాయి. నీరు నిలవదు. చీనీకి కావలసింది అదే. జిల్లా సగటు వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు, పులివెందుల వైపు అంతకూ తక్కువ. నేల కుదిరినా నీళ్లు కుదరవు. ఈ పంట చరిత్రలో సగం ఆ చిక్కు చుట్టూనే తిరిగింది.

ఇక రకం సంగతికి వస్తే, పండ్లలో కొత్త రకాల సృష్టి అనగానే ఇప్పుడు ముందుగా వినిపించేది స్ట్రాబెర్రీ పేరు. చిలీ నుంచి వచ్చిన మొక్కా, ఉత్తర అమెరికా నుంచి వచ్చిన మొక్కా 18వ శతాబ్దంలో ఫ్రాన్స్ తోటల్లో పక్కపక్కన పెరిగి తమంతట తామే సంకరమైతే పుట్టిన పండది. 1766లో డ్యూషేన్ అనే యువ వృక్షశాస్త్రవేత్త దాని పుట్టుక గుట్టు విప్పాడు. అప్పటినుంచి స్ట్రాబెర్రీ మారుతూనే ఉంది. ఫ్లోరిడా, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు రకం తర్వాత రకం విడుదల చేస్తూనే ఉన్నాయి. స్వీట్ చార్లీ, కామరోసా, వింటర్ డాన్ అలా వచ్చి మన దేశానికీ చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో స్ట్రాబెర్రీ దొరికేది చింతపల్లి మండలం లంబసింగి చలిలో. వేసవిలో 40 డిగ్రీలు దాటే పులివెందులలో దాన్ని ఆరుబయట పెంచాలనుకోవడం కోరి నష్టం తెచ్చుకోవడమే.

చీనీ కూడా సంకరమే. పంపర పనసకూ మాండరిన్ నారింజకూ మధ్య ఎన్నో తరాల కిందట జరిగిన కలయికల ఫలితమది. అడవిలో దానంతటది పుట్టిన చీనీ చెట్టు లేదు. చైనాలో వుహాన్‌లోని హువాఝోంగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నాయకత్వంలో 2013లో వెలువడిన జన్యుపటం ఈ సంగతిని ఖాయం చేసింది. ఆ తర్వాత 2018లో వచ్చిన మరో పరిశోధన నిమ్మజాతి మొత్తానికి పుట్టినిల్లు హిమాలయాల ఆగ్నేయ పాదాల దగ్గర ఉందని, దాని వయసు సుమారు 80 లక్షల ఏళ్లని తేల్చింది.

అయితే స్ట్రాబెర్రీలా చీనీని ఇష్టం వచ్చినట్టు సంకరం చేయడం కుదరదు. చీనీ గింజ ఒకటి నాటితే ఒక్కోసారి రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో చాలా వరకు తండ్రి చెట్టు పుప్పొడితో సంబంధం లేకుండా తల్లి కణజాలం నుంచే పుట్టినవి. అంటే తల్లికి అచ్చు నకళ్లు. ఏ రెండు చెట్లను కలిపినా పుట్టే పిల్లల్లో అసలు సంకరాలు ఏవో, నకళ్లు ఏవో విడదీయడమే పెద్ద పని. పైగా గింజ మొక్క ముళ్లతో పెరిగి, కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్లు తీసుకుంటుంది. ఇలా తల్లికి నకళ్లు పుట్టే గుణానికి మూలమైన జన్యువును చైనా శాస్త్రవేత్తలు 2017లో గుర్తించారు. ఇన్ని శతాబ్దాల్లో చీనీలో వచ్చిన వైవిధ్యమంతా ఏదో ఒక చెట్టుకు ఏదో ఒక కొమ్మ ఉన్నట్టుండి వేరుగా కాయడం వల్ల వచ్చిందే. బ్రెజిల్‌లోని బహియాలో అలా పుట్టిన గింజలేని నేవల్ మొక్కలు 1873లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌కు చేరి, అక్కడ ఒక పరిశ్రమనే నిలబెట్టాయి. ఎరుపు రసం నారింజలూ కొమ్మ మార్పులే.

సాత్‌గుడికి పేరు తెచ్చిన ఊరు పూర్వపు ఉత్తర ఆర్కాటు జిల్లాలోని సాత్‌ఘర్. మహారాష్ట్రలో పండే మోసంబి, ఒకప్పుడు కోస్తాలో పండిన బటావియన్ దీనికి దగ్గర చుట్టాలు. మోసంబి తొక్క మీద నిలువు చారలుంటాయి, సాత్‌గుడి తొక్క నున్నగా ఉంటుంది. తెలుగు నేల మీద పోటీలో గెలిచింది సాత్‌గుడే. దశాబ్దాలు గడిచినా దాన్ని పక్కకు నెట్టే రకం రాలేదు. ఒకే పండు మీద ఇంత పెద్ద ప్రాంతం ఆధారపడటం ఏమంత క్షేమం కాదు. కానీ పై పండు మారకపోయినా తోట మారుతూనే వచ్చింది. ఆ మార్పు నేల కింద జరిగింది.

చీనీ మొక్క నిజానికి రెండు మొక్కలు. పైన కొమ్మ, ఆకు, కాయ సాత్‌గుడివి. కింద వేరు మరో నిమ్మజాతిది. వేరు మొక్కను గింజతో పెంచి, పెన్సిల్ మందం వచ్చాక బెరడును చీల్చి, సాత్‌గుడి కన్నును అందులో దూర్చి కడతారు. ఇదే అంటు. ఒకప్పుడు వేరుగా ఎక్కువగా వాడింది జంబేరి నిమ్మ. చెట్టు ఏపుగా పెరిగేది, కాయలు పెద్దవయ్యేవి, కానీ రసం చప్పబడేది, వేరుకుళ్లు త్వరగా పట్టేది. క్రమంగా దాని స్థానంలోకి రంగపూర్ నిమ్మ వచ్చింది. కరువును, సున్నపు నేలను జంబేరికన్నా బాగా తట్టుకోవడం దాని బలం. నిమ్మజాతిని పీడించే ట్రిస్టెజా అనే వైరస్‌కు కూడా అది లొంగదు.

ఈ రంగపూర్ నిమ్మ కథ పులివెందుల పొలిమేరలు దాటి చాలా దూరం వెళ్తుంది. రంగపూర్ ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఊరు. 1930ల చివర బ్రెజిల్‌లో ట్రిస్టెజా విరుచుకుపడినప్పుడు పుల్ల నారింజ వేరు మీద కట్టిన తోటలు లక్షల చెట్ల లెక్కన ఎండిపోయాయి. అప్పుడు సావొపావులో రాష్ట్రాన్ని నిలబెట్టింది మన ఉపఖండం నుంచి వెళ్లిన ఈ నిమ్మ వేరే. ఆ తర్వాత దశాబ్దాలపాటు అక్కడి తోటల్లో అధికభాగం దాని మీదే నిలిచాయి. ప్రపంచంలో నారింజ రసం ఎక్కువగా ఎగుమతి చేసే దేశం ఒక్క వేరు మీద అంతగా వాలిపోయింది. దానికి తగిన మూల్యం కూడా చెల్లించింది. 2000 ప్రాంతంలో సరిగ్గా ఈ వేరు మీద ఉన్న చెట్లే హఠాత్తుగా చచ్చిపోయే జబ్బు ఒకటి కనిపించింది, దాంతో వేరే వేళ్ల కోసం వెతుకులాట మొదలైంది. ఈ పాఠం రాయలసీమకూ వర్తిస్తుంది.

మరి అమెరికాలో పేరున్న సిట్రేంజ్ వేళ్లు ఇక్కడ ఎందుకు వాడరు? మూడాకుల నారింజతో చీనీని కలిపి అమెరికా వ్యవసాయ శాఖవాళ్లు 20వ శతాబ్దం మొదట్లో చేసిన సంకరాలవి. వేరుకుళ్లును బాగా తట్టుకుంటాయి, పండు నాణ్యత కూడా మెరుగు. అయితే సున్నం ఎక్కువున్న నేలలో ఇనుమును తీసుకోలేక ఆకులు పాలిపోతాయి. పులివెందుల నేల గుణమే వాటికి అడ్డు. రంగపూర్ మీద ఉన్న చెట్లకు కూడా ఈ నేలలో ఇనుము, జింకు లోపాలు కనిపిస్తూనే ఉంటాయి. అందుకే కొత్త చిగుర్లు వచ్చినప్పుడల్లా రైతులు సూక్ష్మపోషకాలు పిచికారీ చేస్తారు.

అంట్లు కట్టే పని పూర్వపు కడప జిల్లాలోనే ఒక పెద్ద వృత్తి. రైల్వే కోడూరు చుట్టూ ఉన్న నర్సరీల నుంచి చీనీ, నిమ్మ, మామిడి అంట్లు దూర రాష్ట్రాలకు వెళ్తాయి. కోడూరు దగ్గరి అనంతరాజుపేటలో పండ్ల పరిశోధన స్థానం, తిరుపతిలో నిమ్మజాతి పరిశోధన స్థానం ఉన్నాయి. 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక రెండూ దాని కిందికి వచ్చాయి. తెగులు లేని కన్ను ఎంచుకోవడమే నర్సరీలో అసలు కిటుకు. చిగురు కొనలోని మిల్లీమీటరుకన్నా చిన్న ముక్కను ప్రయోగశాలలో అంటుకట్టి వైరస్‌ను వదిలించే పద్ధతి 1970లలో అమెరికాలో, స్పెయిన్‌లో రూపుదిద్దుకుంది. నాగపూర్‌లోని కేంద్రీయ నిమ్మజాతి పరిశోధన సంస్థ ఆ పద్ధతిలో తల్లి మొక్కలు తయారు చేస్తుంది. చవకగా వచ్చిందని రోడ్డు పక్క కొన్న అంటు ఐదో ఏట కాపు మొదలుపెట్టాక గానీ తన రోగం బయటపెట్టదు. అప్పటికి రైతు పెట్టుబడి అంతా నేలలో ఉంటుంది.

నాటేటప్పుడు మొక్కకూ మొక్కకూ మధ్య 6 మీటర్లు వదిలితే ఎకరాకు 110 మొక్కల దాకా పడతాయి. అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైన ఉండాలి. ఆ గాటును మట్టిలో పూడ్చిపెడితే బంక తెగులు ఖాయం. మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారుతుంది. మొదళ్లకు బోర్డో పేస్టు పూయడం, పాదులో నీళ్లు మొదలుకు తగలకుండా చూడటం పాత వైద్యమే అయినా ఇప్పటికీ దానికి మించింది లేదు. కాపు రాని తొలి ఏళ్లలో సాళ్ల మధ్య వేరుశనగ వేసి ఖర్చులు రాబట్టుకుంటారు.

చీనీ సాగులో రైతు నేర్పంతా పూత రప్పించడంలో ఉంది. చల్లని దేశాల్లో చలి చెట్టును నిద్రపుచ్చుతుంది, ఎండ తగిలాక పూత వస్తుంది. సీమలో ఆ చలి చాలదు. అందుకని నీళ్లు ఆపి చెట్టును వాడబెడతారు. ఆకు మెత్తబడి, కొంత రాలేదాకా ఓపిక పట్టి, అప్పుడు పాదు గుల్ల చేసి ఎరువు వేసి నీళ్లు వదిలితే చెట్టు ఒక్కసారిగా పూస్తుంది. తేలిక నేలలో ఇది రెండు మూడు వారాల్లో అయిపోతుంది, బరువు నేలలో ఇంకా ఎక్కువ రోజులు కావాలి. ఒక వారం తొందరపడితే పూత పలచన, ఒక వారం ఆలస్యమైతే కొమ్మలే ఎండుతాయి. జనవరి, ఫిబ్రవరిలో పూసింది అంబే బహార్, దాని కాయ సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వస్తుంది. జూన్, జూలై పూత మృగ బహార్. హస్త కార్తె ప్రాంతంలో పూసే హస్త బహార్ కాయ వేసవిలో చేతికొస్తుంది. ఎండలు ముదిరి రసాల బండ్ల దగ్గర జనం మూగే రోజులవి కాబట్టి ఆ కాయకు ధర ఎక్కువ. కాయ నిలబెట్టడానికి నీళ్లు కూడా అప్పుడే ఎక్కువ కావాలి.

నీళ్ల సంగతికి వస్తే, 2000ల మొదట్లో వచ్చిన కరువు చీనీ రైతుకు పీడకల. బోర్లు కొన్నిచోట్ల వెయ్యి అడుగులు దాటాయి. ట్యాంకర్లతో చెట్టుకింతని పోసి బతికించిన తోటలున్నాయి, బతికించలేక గొడ్డలి పెట్టి కట్టెలకు అమ్మిన తోటలూ ఉన్నాయి. వేరుశనగ ఎండితే ఒక ఏడాది పోతుంది, చీనీ ఎండితే పదేళ్లు పోతాయి. 2003 నవంబరులో మొదలైన రాష్ట్ర సూక్ష్మ నీటిపారుదల పథకంతో రాయితీ మీద డ్రిప్పు పైపులు పొలాల్లోకి వచ్చాయి. పాదు నిండా నీళ్లు పారించే పద్ధతి పోయి, చెట్టుకు కావలసింది మాత్రమే బొట్టు బొట్టుగా ఇవ్వడం అలవాటైంది. నీళ్లలోనే ఎరువు కలిపి పంపడం కూడా దాంతోపాటే వచ్చింది.

తర్వాత జలాశయాలు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, అవుకు మీదుగా వచ్చే కృష్ణా నీళ్లు జమ్మలమడుగు దగ్గర పెన్నా మీద కట్టిన గండికోట జలాశయానికి చేరతాయి. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. అక్కడి నుంచి ఎత్తిపోతలతో పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకూ, సింహాద్రిపురం మండలంలోని పైడిపాలెం జలాశయానికీ నీళ్లు పంపుతారు. మొదటిది 10 టీఎంసీలు పట్టేది, రెండోది 6. రేగడిలో చీనీ వేయలేని జమ్మలమడుగు సీమ నీళ్లిచ్చి పులివెందుల చీనీని ఆదుకుంటోందన్నమాట. నీళ్లు కనపడగానే ఇంకో మార్పు కూడా జరిగింది. చాలామంది రైతులు చీనీ కొట్టేసి జీ-9 అరటికి మళ్లారు. టిష్యూకల్చర్ పిలక నాటిన ఏడాదికే డబ్బు చేతికొస్తుంటే ఐదేళ్లు కాచుకుని కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? 2024 మార్చిలో పులివెందులలో అరటి కోసం ప్యాక్‌హౌస్ కూడా ప్రారంభమైంది. చీనీకి అలాంటిది ముందే రావలసింది.

తెగుళ్లలో రైతును మానసికంగా ఎక్కువ కుంగదీసేది మంగు. కంటికి కనిపించని నల్లి కాయ తొక్క మీద రసం పీల్చితే తొక్క గోధుమ, నలుపు రంగులోకి తిరిగి గరుకుగా మారుతుంది. లోపల తొనకు ఏమీ కాదు. తీపి తగ్గదు, విటమిన్ తగ్గదు. అయినా మంగు పడ్డ కాయకు ధర పడిపోతుంది, ఎందుకంటే కొనేవాడు చూసేది తొక్కనే. గంధకం మందు పిచికారీలో సగం ఖర్చు తొక్క అందం కోసమే అంటే అతిశయోక్తి కాదు.

రాత్రిపూట వచ్చి పండిన కాయకు రంధ్రం చేసి రసం పీల్చే రెక్కల పురుగు మరొకటి. దాని గొంగళి పిల్లలు చీనీ చెట్టు మీద బతకవు, కంచెల్లో అల్లుకున్న తిప్పతీగ మీద బతుకుతాయి. కాబట్టి తోటలో ఎంత మందు కొట్టినా, గట్ల మీది తీగ తీయకుండా పురుగు పోదు. ఇక గ్రీనింగ్ సంగతి వేరు. సిల్లా అనే చిన్న పురుగు మోసుకొచ్చే బాక్టీరియా చెట్టు ఆహారనాళాలను మూసేస్తుంది. ఆకు మచ్చలుగా పాలిపోతుంది, కాయ వంకరపోయి చిన్నదిగా, చేదుగా తయారవుతుంది. మందు లేదు. ఫ్లోరిడాలో 2005లో బయటపడిన ఈ జబ్బు రెండు దశాబ్దాల్లో అక్కడి నారింజ దిగుబడిని పదో వంతుకన్నా తక్కువకు దించేసింది. మన తోటల్లో ఇది ఎప్పటినుంచో ఉంది. పొడి వాతావరణం, ఎండ దాని దూకుడును కొంత ఆపుతున్నా, రోగం లేని కన్ను ఎంచుకోవడమే ముఖ్యమైన రక్ష.

కాయను చెట్టు మీదే మాగనివ్వాలి. కోసిన తర్వాత అరటి, మామిడిలా చీనీలో తీపి పెరగదు. ఈ విషయంలో స్ట్రాబెర్రీ, చీనీ ఒకటే. రంగును బట్టి పండిందో లేదో చెప్పడం కూడా కష్టం. రాత్రులు బాగా చల్లబడితే గానీ తొక్కలోని పచ్చదనం విరగదు. అందుకే పులివెందుల కాయ లోపల పండినా పైకి ఆకుపచ్చగా, లేత పసుపుగానే ఉంటుంది. కాలిఫోర్నియా నారింజను చూసిన కళ్లకు అది పచ్చికాయలా కనిపిస్తుంది. పులివెందుల మార్కెట్ యార్డులో వరిగడ్డి మీద రాశులు పోసి టన్ను లెక్కన వేలం వేస్తారు. తోటమీదే బేరం కుదుర్చుకుని కోయించుకునే వ్యాపారులూ ఉన్నారు. తూకంలో సూట్ పేరుతో కొంత కోత పెట్టడం మీద రైతుల గొడవ పాతదే. సరుకు దిల్లీ, నాగపూర్, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ వెళ్తుంది. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి దిల్లీ ఆదర్శ్ నగర్‌కు బయల్దేరిన దక్షిణాది తొలి కిసాన్ రైలులో టమాటా, అరటితోపాటు చీనీ కూడా ఎక్కింది. కాయ సైజు, నునుపు, బరువు చూస్తారు గానీ రసమెంత, చక్కెరెంత అని కొలిచే సాధనం వేలం దగ్గర కనిపించదు. రంగపూర్ వేరు మీది కాయకూ జంబేరి వేరు మీది కాయకూ రుచిలో ఉన్న తేడాకు ధర రాకపోవడానికి కారణం ఇదే.

పోషక విలువ చూస్తే, 100 గ్రాముల తొనల్లో 87 గ్రాములు నీరే. శక్తి 47 కిలోకాలరీలు, చక్కెరలు 9 గ్రాములకు కాస్త పైన, పీచు 2 గ్రాములకు పైన, పొటాషియం 180 మిల్లీగ్రాములు, ఫోలేట్ 30 మైక్రోగ్రాములు. విటమిన్ సి సుమారు 50 మిల్లీగ్రాములు. స్ట్రాబెర్రీలో ఇది 59 దాకా ఉంటుంది, చక్కెర మాత్రం చీనీలో సగమే. రెండింటినీ ఓడించేది పెరట్లో జామ, దానిలో 200 మిల్లీగ్రాములు దాటుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్ద మగవాళ్లకు రోజుకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి. మధ్యరకం చీనీ ఒకటి తొక్క, గింజలు తీసి తింటే ఆడవాళ్ల రోజు అవసరం దాదాపు తీరుతుంది. సీమలో రాగి సంగటి, కొర్రన్నం, ఆకుకూర తినేవాళ్లకు దీనితో మరో లాభముంది. గింజధాన్యాల్లో, ఆకుల్లో ఉండే ఇనుము ఒంటికి అంత సులువుగా పట్టదు, భోజనంతోపాటే విటమిన్ సి అందితే ఎక్కువ పడుతుంది. భోజనమైన రెండు గంటలకు తాగిన రసం ఆ పని అంతగా చేయదు.

తొన మీది తెల్లటి పొరను చాలామంది గోరుతో గీకి పారేస్తారు. పెక్టిన్ అనే పీచు, హెస్పెరిడిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండేది అందులోనే. రసం పిండి వడగడితే అదీ పోతుంది, పీచూ పోతుంది, మిగిలేది చక్కెర నీళ్లూ విటమినూ. గ్లాసు నిండటానికి మూడు కాయలైనా పడతాయి. మధుమేహం ఉన్నవాళ్లకు కాయ తినడానికీ గ్లాసు తాగడానికీ తేడా వచ్చేది ఇక్కడే. గ్రేప్‌ఫ్రూట్ రసంతో కొన్ని రక్తపోటు, కొలెస్ట్రాల్ మందుల ప్రభావం ప్రమాదకరంగా పెరుగుతుందన్న హెచ్చరిక చదివి చీనీని కూడా మానేసేవాళ్లుంటారు. ఆ చిక్కు తెచ్చే రసాయనాలు గ్రేప్‌ఫ్రూట్‌లో, పంపర పనసలో ఉంటాయి. చీనీలో అవి చెప్పుకోదగినంత ఉండవు.

రసం తీసి ఉంచితే చేదెక్కుతుందన్నది ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. పండులో చేదు లేని ఒక పదార్థం, తొనపొరలు చీలి రసంలోని ఆమ్లంతో కలిశాక కొన్ని గంటల్లో లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. గింజ నలిగితే ఆ చేదు ఇంకా ముందే వస్తుంది. లేత కాయలో ఎక్కువ, చెట్టు మీద బాగా మాగిన కాయలో తక్కువ. జంబేరి వేరు మీది కాయలో ఇంకొంచెం ఎక్కువని నిమ్మజాతి రసాల మీద వివిధ దేశాల్లో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. ప్రొద్దుటూరు బజారులో బండివాడు అప్పటికప్పుడు పిండి చేతికిస్తాడు కాబట్టి ఈ చేదు బయటపడే వ్యవధే ఉండదు. సీసాలో పట్టి నెలల తరబడి నిలవ ఉంచాలనుకునే ఫ్యాక్టరీకి మాత్రం ఇదే మొదటి అడ్డంకి. వేడి చేస్తే చేదు ఇంకా త్వరగా తేలుతుంది. దాన్ని రెజిన్ గొట్టాల గుండా పంపి తీయవచ్చు గానీ ఆ యంత్రాలకు పెట్టుబడి కావాలి, ఏడాది పొడవునా ఒకే నాణ్యత కాయ కావాలి. సైజు చూసి, టన్ను లెక్కన కొనే యార్డు నుంచి అలాంటి కాయ నిలకడగా రావడం ఇప్పటికైతే కష్టం.